యాభై అయిదు అంగుళాల సముద్రం

మా షోరూమ్‌లో పదకొండు సముద్రాలున్నాయి.
పొద్దున్నే షట్టరెత్తి
అన్నిటినీ ఒకే రిమోట్‌తో వెలిగిస్తాను.
ఏ దేశపు నీళ్లో, గాజుగాజుగా నీలం.
ఒక తాబేలు ఎడమ నుంచి కుడికి ఈదుకుంటూ పోతుంది
నాలుగు నిమిషాలకోసారి, అదే తాబేలు.

డాబాగార్డెన్స్ నుంచి అసలు సముద్రం
నడిస్తే అరగంట.
నడవను.

నా కుర్చీ ఫైనాన్స్ టేబుల్ వెనక.
'జీరో వడ్డీ సార్' అంటాను.
సున్నాని నా అంత తియ్యగా పలికేవాడు
జగదాంబ నుంచి గాజువాక దాకా లేడు.
ఆధార్, పాన్, ఒక ఫోటో,
కళ్లొకసారి ఆర్పండి మేడమ్.
ఆ ఆర్పిన రెప్ప కింద
ఇరవై నాలుగు నెలలు జారిపోతాయి.

నిన్న ఎర్నమ్మ వచ్చింది,
పూర్ణామార్కెట్లో ఉల్లిపాయలమ్మే ఎర్నమ్మ,
చిన్న ఫ్రిజ్జుకి ఆఖరి కిస్తీ కట్టడానికి.
రసీదు మడిచి రవికలో దోపుకుని
కదలకుండా అలాగే నిలబడింది.
"అయిపోనాదా బాబూ?"
అయిపోయిందమ్మా.
"మరి ఒకటో తారీకొస్తే గుండె గుబగుబలాడతాది గదా,
అదీ అయిపోతాదా?"
మా సిస్టంలో దానికి గడి లేదు.
తెర మీద మాత్రం పచ్చటి అక్షరాలు:
ఈ కస్టమర్‌కి ఇంకో అరవై వేల అర్హత ఉంది.
చెప్పాలి. చెప్పడమే ఉద్యోగం.
చెప్పాను.
ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు.
"నీకెంతుంటాది బాబూ బాకీ?" అంది
జ్వరం ఎంతుందని అడిగినట్టు.

నాకెంతుంది?
ఒక కార్డు అప్పు ఇంకో కార్డు తీరుస్తుంది.
ఆ రెండోదానికి నూకరత్నం గొలుసు కాపలా,
గొలుసేమో కంచరపాలెం బ్యాంకులో
మెడలేని చీకట్లో, నంబరు చీటీ కట్టుకుని.
అయిదో తారీకు తెల్లారకుండానే
జీతం వస్తుంది, చెప్పులైనా విప్పదు,
గుమ్మంలోంచే వెళ్లిపోతుంది.

జ్ఞానాపురంలో మా డాబా మీద
ఆరేసిన బట్టల మీద పోర్టు బొగ్గుపొడి వాలుతుంది.
తెల్లచొక్కా ఒక్కరోజులో నల్లబడదు.
ముందు కాస్త పాతబడినట్టుంటుంది,
ఆనక అదే దాని రంగనుకుంటాం.
నూకరత్నం ఒకప్పుడు ఎన్ని మాటలాడేదో!
కుళాయి దగ్గర తగువులు, ఎదురింటి పిల్లి ఈతలు,
వంకాయ కూరలో తన మేనత్త చేయి.
ఇప్పుడు మా ఇంటి భాషకి మూడు మాటలు చాలు:
పడిందా. కట్టయిందా. ఎంతుంది.

వసూళ్లకి పైడిరాజు వస్తాడు.
హైస్కూల్లో నా పక్క బెంచీ,
నా పెన్సిళ్లు కొరికినవాడు.
ఇప్పుడు గుమ్మంలో నిలబడి 'సార్' అంటాడు.
మొన్న టీ ఇచ్చాం. సగం తాగేలోగా
వాడి ఫోన్ మోగింది.
తెర చూసి, మోగనిచ్చి, బోర్లా పెట్టేశాడు.
ఆ మోత ఎవరిదో
ఇద్దరం అడుక్కోలేదు.
మా పాప మాత్రం అలవాటు కొద్దీ
"నాన్న ఇంట్లో లేరని చెప్పనా?" అంది వాడితో.

రాత్రి పదకొండు సముద్రాలూ ఆర్పేశాను.
బండిలో పెట్రోలు లేదో, ఉండీ ఎక్కబుద్ధి కాలేదో,
నడిచాను.
బీచ్‌లో మొక్కజొన్న పొత్తులవాడు నిప్పు ఆర్పుకుంటున్నాడు.
నీళ్లు నల్లగా ఉన్నాయి, నీలం ఎక్కడా లేదు.
దూరంగా లంగరేసిన ఓడల దీపాలు.
లోపలికి రమ్మనేదాకా నిలబడాలి,
నిలబడ్డ రోజులకీ లెక్క కడతారట.
డాల్ఫిన్ నోస్ మీది వెలుగు
ఒకసారి నన్ను చూసి, ఆగకుండా వెళ్లిపోయింది.

పద్నాలుగు నెలల తర్వాత
అల వచ్చి పాదాలు తడిపింది.
జేబులో ఫోన్ ఒణికింది, తియ్యలేదు.
వెనక్కి పోతూ పోతూ
మడమల కింద ఇసుక కాస్త లాక్కుపోయింది అల.
ఎంత అని
అడగబోయాను.